మీ హోదాలోని రెండో మాట: కార్మిక శాఖ అధికారులకు ఒక చిన్న షాపు యజమానురాలి బహిరంగ లేఖ

తెలంగాణ కార్మిక శాఖ కమిషనర్ గారికి, జిల్లాల్లో పనిచేస్తున్న డిప్యూటీ కమిషనర్లకు, సహాయ కార్మిక అధికారులకు నమస్కారం.

నేను హనుమకొండ చౌరస్తా దగ్గర బట్టల షాపు నడుపుతాను. నాన్న పెట్టిన షాపు. ఆయన పోయాక పదేళ్లుగా గల్లాపెట్టె దగ్గర నేనే కూర్చుంటున్నాను. ఇప్పుడు నా దగ్గర 12 మంది పనిచేస్తున్నారు. కౌంటర్లలో ఏడుగురు ఆడపిల్లలు, ఫాల్స్, పీకో కుట్టే టైలర్లు ఇద్దరు, స్టాకు గదిలో ఇద్దరు కుర్రాళ్లు, లెక్కలు రాసే గుమాస్తా ఒకరు. నేను చేసిన తప్పులు ముందు చెప్పుకుని, ఆ తర్వాత మా బజారుకు వచ్చి చట్టాలు తెలియజెప్పమని మిమ్మల్ని అడగాలని ఈ లేఖ రాస్తున్నాను.

2023 బతుకమ్మ సీజను. పొద్దున పది నుంచి రాత్రి పది దాకా గిరాకీ ఆగని రోజులవి. మా దగ్గర అప్పటికి ఆరేళ్లుగా పనిచేస్తున్న ఒక అక్క పై అరలోంచి చీరల కట్ట తీస్తూ నిచ్చెన మీది నుంచి పడింది. తుంటి ఎముక విరిగింది. ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. బిల్లు 1,70,000 రూపాయలు అయింది. నేను లక్ష కట్టాను. మిగిలిన డెబ్బై వేలకు ఆమె పుస్తెలతాడు కుదువ పెట్టుకుంది. ఐదు నెలలు మంచం మీదే ఉంది. నేను రెండు నెలల జీతం పంపాను. పంపినందుకు చుట్టుపక్కల షాపులవాళ్లు నన్ను మెచ్చుకున్నారు. నేనూ గొప్పగా చేశాననే అనుకున్నాను.

ఆ రోజుకి నా షాపులో 11 మంది పనిచేస్తున్నారు. రిజిస్టరులో తొమ్మిది పేర్లే ఉన్నాయి. మా లెక్కలు చూసే కన్సల్టెంటు అంతకు ముందే చెప్పాడు, 'పదో పేరు రాస్తే ఈఎస్ఐ వస్తుందమ్మా, ఎందుకొచ్చిన టెన్షన్' అని. నేను సరేనన్నాను. ఈఎస్ఐ అంటే ఏమిటని అడగలేదు. అది ఉద్యోగుల కోసం ఉన్న ప్రభుత్వ బీమా అని తర్వాత తెలిసింది. ఎంత కట్టాలి అని కూడా అడగలేదు. రిజిస్టరులో లేని ఇద్దరిలో ఆ అక్క ఒకతె.

తర్వాత లెక్క వేసుకున్నాను. అప్పట్లో ఆమె జీతం 12,000. ఈఎస్ఐకి యజమాని కట్టాల్సింది జీతంలో 3.25 శాతం, ఉద్యోగి వాటా 0.75 శాతం. అంటే నేను నెలకు 390 రూపాయలు, ఆమె 90 రూపాయలు. కలిపి 480. ఆ డబ్బు కట్టి ఉంటే ఆపరేషన్ ఖర్చంతా ఈఎస్ఐ చూసుకునేది. పనిలో దెబ్బ తగిలి మంచాన పడ్డవాళ్లకు కోలుకునేదాకా జీతంలో 90 శాతం చొప్పున ఇస్తారు. పనిలో జరిగిన ప్రమాదమైతే ఇన్నాళ్లు చందా కట్టి ఉండాలన్న షరతు కూడా లేదు, చేరిన మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. నెలకు 390 రూపాయలు మా షాపులో ఒక పూట టీ ఖర్చు. ఆమె పుస్తెలతాడు కుదువకు పోయింది దానికోసం.

ఇంకొకటి కూడా చెప్పాలి. నాన్న హయాం నుంచి మా దగ్గర 17 ఏళ్లు పనిచేసిన సేల్స్‌మన్ ఒకాయన 2021లో మోకాళ్ల నొప్పులతో మానేశారు. ఆయనకి పట్టుపంచె పెట్టి, చేతిలో 20,000 ఉంచి, కాళ్లకు దండం పెట్టి పంపాం. గ్రాట్యుటీ, అంటే పని మానేటప్పుడు పనిచేసిన ఏళ్లను బట్టి ఇచ్చే డబ్బు, ఆ మాట అప్పటిదాకా ప్రభుత్వ ఉద్యోగుల నోటనే విన్నాను. పదిమంది పనిచేసే ఏ షాపుకైనా అది వర్తిస్తుందనీ, ఒకసారి వర్తించాక మనుషులు పదికంటే తగ్గినా వదలదనీ ప్రమాదం తర్వాత అవీ ఇవీ చదువుతుంటే తెలిసింది. లెక్క చాలా సులువు. చివరి నెల జీతాన్ని 26తో భాగించి, 15తో గుణించి, పనిచేసిన ఏళ్లతో గుణించాలి. ఆయన జీతం 15,600. రోజుకు 600, పదిహేను రోజులకు 9,000, పదిహేడేళ్లకు 1,53,000. నేను ఇచ్చింది ఇరవై వేలు, ఒక పంచె.

లెక్క తేలిన రోజు వాళ్లింటికి వెళ్లాను. మిగతా డబ్బు నాలుగు విడతల్లో ఇచ్చాను. మొదటి విడత తీసుకుంటూ ఆయన అన్నారు, 'నాన్నగారు ఉన్నప్పుడే అడగలేదమ్మా, ఇప్పుడేం అడుగుతాను' అని. అడగడానికి ఆయనకీ తెలీదు. ఇవ్వడానికి నాకూ తెలీదు. చట్టం మాత్రం 1972 నుంచి ఉంది.

ఈ రెండు సంగతుల తర్వాత నాకు భయం పట్టుకుంది. ఇంకా ఏమేం తెలియక చేస్తున్నానో అని. చట్టాల గురించి అడగడానికి ఒక ఆఫీసుకు వెళ్లాను. నన్నెవరూ కసురుకోలేదు, కూర్చోబెట్టే మాట్లాడారు. కానీ చేతికి వచ్చింది చట్టాల పేర్ల జాబితా, ఇంగ్లిషులో ఉన్న ఫారాలు, చివర్న 'మంచి కన్సల్టెంటుని పెట్టుకోండమ్మా' అన్న సలహా. నన్ను తొమ్మిది పేర్ల దగ్గర ఆపిందే ఒక కన్సల్టెంటు. మళ్లీ అక్కడికే పంపారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 29 పాత చట్టాలను కలిపి కుట్టిన నాలుగు కొత్తవి. వీటి మీద కార్మిక సంఘాల అభ్యంతరాలు ఉన్నాయి, వాటిలో కొన్ని నాకూ సబబుగానే తోస్తాయి, కానీ ఈ లేఖలో ఆ చర్చ పెట్టను. వేతనాల కోడ్‌లో ఒక చోట నా కళ్లు ఆగిపోయాయి. పాత చట్టాల్లో తనిఖీకి వచ్చే అధికారిని ఇన్‌స్పెక్టర్ అనేవారు. ఈ కోడ్ ఆయనకు 'ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్' అని పేరు పెట్టింది. ఫెసిలిటేటర్ అంటే తోవ చూపి తోడుండేవాడు. పేరుతో ఆపకుండా, చట్టాన్ని ఎలా పాటించాలో యజమానులకు, కార్మికులకు సలహా ఇవ్వడం ఆ అధికారి విధుల్లో ఒకటని రాసింది. జీతం తక్కువ ఇవ్వడం లాంటి పెద్ద తప్పులు కాకుండా మిగతా వాటికి, రికార్డులు సరిగ్గా లేకపోవడానికి, కేసు పెట్టేముందు గడువు ఇచ్చి సరిదిద్దుకోమని రాతపూర్వకంగా చెప్పాలని కూడా అందులోనే ఉంది.

మీ హోదాలోని మొదటి మాట మా బజారుకు బాగా తెలుసు. ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడంటే షట్టర్లు సగం దిగుతాయి, రిజిస్టరులో పేరు లేని ఇద్దరిని వెనక సందులోంచి ఇంటికి పంపేస్తారు. రెండో మాట మాకు ఇంతవరకు ఎదురుపడలేదు. ఆ రెండో మాటను మా బజారుకు పంపించండి. నేను అడగదలచుకున్నది ఇదొక్కటే.

ఎందుకు అడుగుతున్నానో కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

మా బజారులో ఎక్కువమందికి తాము చట్టం తప్పుతున్నామన్న స్పృహ లేదు. పక్క షాపులో ఎలా చేస్తున్నారో చూసి అలాగే చేస్తాం. అదే మా రూలు పుస్తకం. ఉదాహరణకు, మూడుసార్లు ఆలస్యంగా వస్తే ఒక రోజు జీతం కోత. వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో ఏ షాపుకు వెళ్లినా ఇదే పద్ధతి వింటారు. నేనూ ఏళ్ల తరబడి కోశాను. పనికి రాని సమయానికి ఎంత జీతమో అంతకు మించి కోయకూడదని వేతనాల కోడ్ చెబుతోంది. పదిహేను నిమిషాల చొప్పున మూడుసార్లు ఆలస్యమైతే పోయింది ముప్పావు గంట. కోసింది రోజంతటి జీతం. బస్సు లేటైతే ఆ పిల్ల చేసేదేముంటుంది?

షార్టేజి సంగతి ఇంకా అన్యాయం. ఏడాది చివర స్టాకు లెక్క చూసుకుంటాం. పది చీరలు తగ్గితే ఆ డబ్బు కౌంటర్లో ఉన్న అందరి జీతాల్లోంచి సమానంగా కోస్తారు. ఎవరి నిర్లక్ష్యం వల్ల, ఎవరికి అప్పగించిన సరుకు పోయిందో తేల్చి, వాళ్ల సంజాయిషీ విన్నాక తప్ప కోత పెట్టకూడదు. తప్పుకు జరిమానా వేసినా అది ఆ నెల జీతంలో 3 శాతం దాటకూడదు. అన్ని కోతలూ కలిపి సగం జీతాన్ని మించకూడదు. ఈ మూడు వాక్యాలు తెలుగులో రాసి ఎవరైనా నా చేతిలో పెట్టి ఉంటే, ఆ పిల్లల జీతాల్లోంచి నేను కోసిన డబ్బు వాళ్ల దగ్గరే ఉండేది.

'రేపట్నుంచి రావద్దు' అని చెప్పి పంపేయడం మాకు చాలా మామూలు. కోపంలో నేనూ ఒక కుర్రాడిని అలాగే పంపేశాను, ఫోను చూస్తున్నాడని. ఆరు నెలలు నిండిన మనిషిని సరైన కారణం లేకుండా తీసేయాలంటే నెల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, లేదంటే ఆ నెల జీతం చేతిలో పెట్టాలి. ఏడాది దాటితే ఏడాదికి పదిహేను రోజుల చొప్పున పరిహారం కూడా ఉంది. 1988 నాటి మన దుకాణాలు, సంస్థల చట్టంలోనే ఉన్నాయి ఇవన్నీ. ఏడాదిలో 240 రోజులు పనిచేసిన వాళ్లకు 15 రోజుల జీతంతో కూడిన సెలవు, అది కాక 12 క్యాజువల్, 12 సిక్ లీవులు ఉన్నాయని కూడా ఆ చట్టమే చెప్పింది. మా షాపు లైసెన్సు ఆ చట్టం కిందే తీసుకున్నాం, చట్రం కట్టించి గోడకు తగిలించాం. ఆ కాగితం వెనుక ఉన్న చట్టంలో ఏముందో మాకు చెప్పినవాళ్లు లేరు.

మానేసిన వాళ్ల జీతం ఆపడం కూడా అంతే. 'నెలాఖరుకు రా, చూద్దాం' అంటారు. రాజీనామా చేసినా, మనమే తీసేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చి ఇవ్వాలి. చేరినప్పుడు టెన్త్ మెమో తీసుకుని బీరువాలో పెట్టుకునే షాపులు ఉన్నాయి. అడ్వాన్సు తీరేదాకా వేరే చోటికి వెళ్లనివ్వం అనేవాళ్లు ఉన్నారు. అప్పు చూపించి మనిషిని కట్టి పడేయడం 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద మూడేళ్ల దాకా జైలు పడే నేరం. పెద్ద పెద్ద బట్టీల్లో, క్వారీల్లో జరిగేదాన్నే వెట్టి అనుకుంటాం. పది వేల అడ్వాన్సుకు ఒక పిల్లను మూడేళ్లు కౌంటర్ దగ్గర నిలబెట్టడం కూడా అదే.

నిలబెట్టడం అన్నాను కాబట్టి ఒక చిన్న మాట. బట్టల షాపులో అమ్మాయిలు గిరాకీ లేని మధ్యాహ్నం కూడా నిలబడే ఉంటారు. కూర్చుంటే ఓనర్లకు నచ్చదు. కేరళ 2018లో, తమిళనాడు 2021లో షాపుల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే వీలు కల్పించాలని చట్టం సవరించుకున్నాయి. మన దగ్గర అలాంటి సవరణ కోసం నేను ఎదురు చూడలేదు. ఏడు స్టూళ్లు కొన్నాను. అమ్మకాలు ఏమీ తగ్గలేదు.

ఆడవాళ్ల విషయంలో మా అజ్ఞానం మరీ ఎక్కువ నష్టం చేస్తోంది. కొత్తగా పెళ్లయిన అమ్మాయి పనికోసం వస్తే చాలామంది ఓనర్లు తీసుకోరు. 'రేపు కడుపుతో ఉంటే 26 వారాలు కూర్చోబెట్టి జీతం ఇవ్వాలి, నా వల్ల కాదు' అంటారు. 26 వారాల మాట నిజమే, మొదటి రెండు కాన్పులకు ఆ సెలవు ఉంది. కానీ షాపు ఈఎస్ఐలో ఉండి, అమ్మాయి జీతం నెలకు 21,000 లోపు ఉండి, అవసరమైనన్ని రోజుల చందా పడి ఉంటే ఆ 26 వారాల డబ్బు ఇచ్చేది ఈఎస్ఐ. ఓనరు జేబులోంచి పోయేది లేదు. మా బజారులో 21,000 దాటి జీతం తీసుకునే సేల్స్ అమ్మాయి దాదాపు లేదు. అంటే ఓనర్లు ఏ ఖర్చుకు భయపడి ఈ పిల్లలకు పని ఇవ్వడం లేదో ఆ ఖర్చే లేదు. ఈ సంగతి నేను మొన్న దీపావళికి పక్క షాపాయనకి చెప్తే నమ్మలేదు. రాసి చూపించమన్నారు. చూపించడానికి నా దగ్గర తెలుగు కాగితం ఒక్కటీ లేదు.

లైంగిక వేధింపుల చట్టం గురించి కూడా చెప్పాలి, చెప్పడం కష్టంగా ఉన్నా. సరుకు ఆర్డర్లకు వచ్చే ఒక ఏజెంటు మా కౌంటర్ అమ్మాయితో తప్పుగా మాట్లాడేవాడు. ఆమె నాకు చెప్పింది. నేను చేసిందల్లా ఆమెను లోపలి కౌంటర్‌కు మార్చడం. ఆడదాన్నై ఉండి కూడా అంతకంటే ఏమీ తోచలేదు. వాడు దర్జాగా వస్తూనే ఉన్నాడు, ఆమె రెండు నెలల్లో మానేసింది. 2013 చట్టం ప్రకారం బయటినుంచి వచ్చినవాడు వేధించినా ఆమె ఫిర్యాదు చేసుకోవడానికి నేను సాయం చేసి తీరాలి. పదిమంది ఉన్న చోట అంతర్గత కమిటీ వేయాలి. దానికి పెద్దగా ఒక మహిళ ఉండాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలే ఉండాలి, బయటినుంచి ఒకరు ఉండాలి. పదికంటే తక్కువ ఉన్న చోట, లేదా ఫిర్యాదు ఓనరు మీదే అయినప్పుడు, జిల్లా స్థాయిలో ఉండే స్థానిక కమిటీకి వెళ్లొచ్చు. మూడు నెలల్లోగా ఫిర్యాదు ఇవ్వాలి. మా బజారులో ఎన్నో షాపుల్లో పనిచేసేది ఇద్దరో ముగ్గురో. ఆ అమ్మాయిలకు ఉన్న ఒకే తలుపు ఆ స్థానిక కమిటీ. అది ఏ గదిలో కూర్చుంటుంది, ఎవరికి ఫోను చేయాలి అన్నది ఒక్క గోడ మీదైనా రాసి ఉంటే బాగుండేది. మూడు నెలల గడువు ఉన్న తలుపును వెతకడానికే మూడు నెలలు పడితే ఎలా?

కనీస వేతనం దగ్గర ఇంకో చిక్కు. అది ఒక అంకె అనుకునేదాన్ని. బేసిక్ వేరు, దాని మీద ధరల సూచీని బట్టి మారే వీడీఏ అనే కరువు భత్యం వేరు. వీడీఏ ఏటా రెండుసార్లు, ఏప్రిల్‌లో, అక్టోబరులో మారుతుంది. మా బజారులో బంగారం ధర పొద్దున పదింటికల్లా అందరి ఫోన్లలో ఉంటుంది. వీడీఏ ఎంత పెరిగిందో ఒక్కరికీ తెలీదు. కనీస వేతనం కంటే తగ్గించి ఇస్తే 50,000 దాకా జరిమానా, ఐదేళ్లలో మళ్లీ అదే తప్పు చేస్తే మూడు నెలల దాకా జైలు, లక్ష దాకా జరిమానా కూడా ఉన్నాయి. ఇంత శిక్ష ఉన్న విషయాన్ని బంగారం ధరంత సులువుగా తెలిసేలా చేయకపోవడం సబబేనా, మీరే ఆలోచించండి.

2025 జులై 1న ఈఎస్ఐ కార్పొరేషన్ 'స్ప్రీ' అని ఒక అవకాశం ఇచ్చింది. అప్పటిదాకా నమోదు కాని యజమానులు ఆ గడువులో ముందుకొచ్చి చేరితే పాత బకాయిలు అడగబోమని, పాత రికార్డులు తిరగేయబోమని చెప్పింది. తొమ్మిది పేర్ల దగ్గర ఆగిపోయిన మాలాంటి షాపులకోసమే పెట్టినట్టుంది అది. నేను అప్పటికే అందరి పేర్లూ రాయించేశాను కాబట్టి నాకు అవసరం పడలేదు. కానీ పేపర్లో లోపలి పేజీలో ఆ వార్త చూసి మా వీధిలో పదిహేను షాపులవాళ్లను అడిగాను. దాని గురించి ఒక్కరూ విని ఉండలేదు. 'ఇందులో ఏదో మెలిక ఉంటుంది, పేరిస్తే దొరికిపోతాం' అన్నారు ఇద్దరు. తోడుగా వచ్చినవాళ్లను కూడా నమ్మలేని స్థితిలో ఉన్నాం మేము. దాన్ని మార్చడం మీ చేతిలో ఉంది.

వర్తకుల్లో కొందరు పెద్దలు చిన్న షాపులను ఈ చట్టాల నుంచి తప్పించాలని అడుగుతున్నారు. వాళ్ల బాధ నాకు తెలుసు. ఆన్‌లైన్ అమ్మకాలు, మాల్స్, అద్దెలు, జీఎస్టీ రిటర్నులు అన్నీ మా మీదే పడుతున్నాయి. అయినా నేను ఆ కోరికతో కలవను. తొమ్మిది మంది ఉన్న షాపులో పడ్డా తుంటి ఎముక విరుగుతుంది. మినహాయింపు ఇస్తే నాకు మిగిలేది నెలకు కొన్ని వందలు. ఆ అక్కకు పోయేది కాలు. పైగా 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనే ఒక మంచి దారి ఉంది. పదికంటే తక్కువమంది ఉన్న చోట కూడా యజమాని, ఉద్యోగుల్లో ఎక్కువమంది ఒప్పుకుంటే ఈఎస్ఐలో స్వచ్ఛందంగా చేరొచ్చు. ఇరవైమంది లేకపోయినా పీఎఫ్‌లో చేరే వీలు కూడా అలాగే ఉంది. చట్టం పరిధి తగ్గించమని నేను అడగను. చట్టం మాకు అర్థమయ్యేలా చేయమంటాను.

ఎలా అంటారా? పెద్ద పథకాలు అక్కర్లేదు. రెండువైపులా అచ్చేసిన ఒక్క కాగితం చాలు, తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి. మండీ బజార్ వైపు షాపుల్లో ఉర్దూ చదివే ఓనర్లు, పనివాళ్లు ఎంతోమంది. మీ దగ్గర ఒక్కరు పనిచేస్తుంటే మీరు ఏం చేయాలి, పదిమంది అయితే అదనంగా ఏం చేయాలి, ఇరవై అయితే ఇంకా ఏం చేయాలి. ఎంత డబ్బు, ఏ తేదీలోపు, ఎక్కడ కట్టాలి. నెల జీతం వచ్చే నెల ఏడో తేదీ లోపు, ఈఎస్ఐ, పీఎఫ్ పదిహేనో తేదీ లోపు అని అంత తేటగా. పనివాళ్లు కూడా చదివేలా గోడకు అంటించమని చెప్పండి. ఓనరుకు ఒకటి, పనివాళ్లకు ఇంకోటి వేరువేరుగా వేయొద్దు. ఇద్దరూ ఒకే కాగితం చదివితే సగం గొడవలు మీ దాకా రావు.

నియామక పత్రం నమూనా ఒకటి ఇవ్వండి. వృత్తి భద్రతా కోడ్ ప్రకారం పదిమంది ఉన్న చోట అందరికీ అది ఇచ్చి తీరాలి. నేను ఇచ్చాను. ఇంటర్నెట్‌లో దొరికిన ఇంగ్లిషు నమూనాను గుమాస్తా చేత తెలుగు చేయించి, రెండు రాత్రులు కూర్చుని సరిచూసుకున్నాను. ఏం పని, ఎంత జీతం, ఎన్ని గంటలు, వారంలో ఏ రోజు సెలవు, మానాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి అని రాశాం. దాన్ని తీసుకుంటూ స్టాకు గది కుర్రాడు, 'అక్కా, నా పేరుతో ఉద్యోగం కాగితం ఇదే మొదటిది' అన్నాడు. వాడు పద్నాలుగు నెలలుగా నా దగ్గర పనిచేస్తున్నాడు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. నెలకు ఒక పూట మా దగ్గరికి రండి. తనిఖీ పుస్తకం ఆఫీసులో పెట్టి రండి. ఆ పూట అడిగిన ప్రశ్నను బట్టి మర్నాడు ఎవరి మీదా కేసు ఉండదని ముందే చెప్పండి. 'నా దగ్గర 11 మంది ఉన్నారు, తొమ్మిది రాశాను, ఇప్పుడేం చేయాలి' అని ఒక ఓనరు భయం లేకుండా అడగగలగాలి. తెలిసీ మళ్లీ మళ్లీ దాచేవాళ్ల మీద, చెప్పాక కూడా జీతం తక్కువ ఇచ్చేవాళ్ల మీద మీరు ఎంత కఠినంగా ఉన్నా నేను మీ వైపే ఉంటాను. తెలియక చేసేవాళ్లనూ, తెలిసి చేసేవాళ్లనూ వేరు చేయాలంటే ముందు తెలియజెప్పాలి కదా.

మీ సిబ్బంది కొరత నాకు తెలియనిది కాదు. ఒక అధికారి కింద ఎన్నో మండలాలు ఉంటాయని విన్నాను. అన్ని షాపులూ తిరగడం మీ వల్ల కాదు. అందుకే మేమే ఒక చోట చేరతాం అంటున్నాను. నడిచే దూరంలో ఉన్న ఓనర్లను పోగు చేసే పని నాది. మొదటి నెల పదిమందే వస్తారేమో. రెండో నెలకు వాళ్లే తీసుకొస్తారు.

ఆ అక్క ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తోంది. నిచ్చెన ఎక్కే పని లేదు, గల్లా పక్కన బిల్లింగ్ చూస్తుంది. ఆమె పుస్తెలతాడు విడిపించడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. ఈ లేఖ ముందు ఆమెకే చదివి వినిపించాను. 'నా సంగతి రాయొచ్చా' అని అడిగితే, పేరు లేకుండా రాయమంది. బిల్లు అంకె మాత్రం సరిగ్గా రాయమంది.

మా వర్తక సంఘానికి చౌరస్తా వెనక వీధిలో ఒక హాలు ఉంది. నలభై కుర్చీలు, ఒక మైకు, రెండు ఫ్యాన్లు ఉన్నాయి. మంగళవారం మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా మాకు గిరాకీ తక్కువ. తాళం చెవి నా దగ్గరే ఉంటుంది. ఏ మంగళవారం వస్తారో చెప్పండి, తీసి ఉంచుతాను.

ఇట్లు,
హనుమకొండ చౌరస్తాలో బట్టల షాపు నడిపే ఒక మహిళ